ద్రాక్షారసం చేసే తావు

నా అలమరలో మూడు వరుసల నోటుబుక్కులు ఉన్నాయి. పై వరుసలోవి నేను ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా పనిచేసిన కాలంలో రాసుకున్న దినచర్యలు. మధ్య వరుసలోవి మా క్రైస్తవ సంఘపు మినిట్సు నకళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. కింది వరుసలోవి మా మణవాళనగర్ ఇంటికి వచ్చిన చుట్టాలను ఎప్పుడు ఎక్కడికి తీసుకువెళ్ళామో, అక్కడ ఏది కుదిరింది, ఏది కుదరలేదో రాసినవి. ఈ మూడో వరుసను చూసి మా ఇంట్లో నవ్వనివారు లేరు. నవ్వనీ. తమిళుల ఆడి మాసంలో పెరియపాళయం మీదుగా పోబోయి, అమ్మవారి జాతర జనంలో చిక్కుకుని రెండు గంటలు కదలకుండా కూర్చున్న సంగతి ఆ పుస్తకంలో ఉంది గనుకనే మళ్ళీ ఆ నెలలో ఆ దారి పట్టలేదు. తిరుత్తణిలో ఏ హోటలు వెనుక ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉందో కూడా అందులోనే ఉంది. నవ్వినవారే ప్రయాణానికి ముందు నాకు ఫోను చేసి అడుగుతారు.

ఆ వరుసలో చివరి పుస్తకంలోని ఒక పేజీ గురించి ఇప్పుడు రాస్తున్నాను.

ఒక గురువారం పొద్దున్నే మా వదిన ఫోను చేసింది. వదిన అంటే నా భార్యకు అక్క. పళ్ళిపట్టు పక్కన పల్లెలో ఆమె, ఆమె భర్త ఒక ఎకరం చెరకు, కొంచెం కూరగాయలు పెట్టుకుని బతుకుతున్నారు. ఆయన నాకు తోడల్లుడు. వయసులో పెద్ద కనుక అన్నా అని పిలుస్తాను.

"మరిదీ, బాగుండారా? బుధవారం మేము వస్తాము, నాలుగు దినాలు ఉంటాము. మీ అన్నకు ద్రాక్షారసం చేసే తావు ఒకటి చూడాలంట. నీకు తెలియని తావు ఉంటుందా! పెద్దదిగా, బాగా చేసేదిగా, చూడను కూడా లక్షణంగా ఉండేది ఒకటి చూసిపెట్టు."

"ఏం తావు అన్నావు వదినా?"

"ద్రాక్షారసం. అది యాడ సరిగ్గా చేస్తారో ఆడికి. బస్సు వచ్చేసింది, పెట్టేస్తా ఉండా."

నేను ఫోను చేతిలో పట్టుకుని కొంతసేపు అట్లాగే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే మా తోడల్లుడి సంగతి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళు తాగినాడు. పొలంలో సగం, ఒంట్లో సగం అందులోనే పోయినాయి. ఆరేళ్ళ కిందట, ఎవరూ ప్రమాణం చేయించకుండానే, ఒక పొద్దున మానేసినాడు. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. మా వదిన మొదటి ఏడంతా క్యాలెండరులో రోజుకొక గీత కొట్టింది. రెండో ఏట మానేసింది. "గీతలు చూస్తే ఆయనకు అనుమానించినట్టు ఉంటుంది," అన్నది.

మేము చర్చిని ఆలయం అంటాము; ఆ ఆలయపు తెలుగులో ఒక చిక్కు ఉంది. మనిషిని పడగొట్టేదీ ద్రాక్షారసమే. బల్ల మీద ఉంచి ప్రార్థన చేసి పంచేదీ ద్రాక్షారసమే. బయటివాళ్ళు ఒకదాన్ని వైన్ అంటారు, ఇంకొకదాన్ని జ్యూస్ అంటారు. మాకు రెండిటికీ ఒకే మాట. కాని పెద్దదిగా, చూడను లక్షణంగా అన్నప్పుడు నాకు తోచిన అర్థం ఒక్కటే. ఈ మధ్య బెంగళూరు వైపు జనం ఆదివారాలు పోయి చూసి వస్తున్నారే, ఆ వైను తయారుచేసే తోటలు, వైనరీలు.

"మీ అక్కకు మతి ఉందా?" అని నా భార్యను అడిగాను.

"ఉంటే నీకెందుకు ఫోను చేస్తుంది?" అన్నది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. అంతలోనే ఆమె చెయ్యి ఆగింది. "బావ అడిగినాడా, అక్క అడిగిందా?"

"ఆయనకే చూడాలంట."

మళ్ళీ మొదలుపెట్టినాడా అనే ప్రశ్న ఇద్దరి నోటి దాకా వచ్చింది. ఫోను చేసి ఆయన్నే అడగవచ్చు. కాని ఆరేళ్ళు నిలబడిన మనిషిని ఆ మాట అడగడమంటే ఆ ఆరేళ్ళనూ కొట్టివేయడమే. అడగలేకపోయాను.

వీలుకాదు అని కూడా చెప్పలేకపోయాను. దానికి కారణం పై వరుసలోని ఒక పుస్తకంలో ఉంది. మా అత్తగారి జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లో జరిగిన రోజు, జనమంతా పందిట్లో కూర్చున్నాక, ఆయన తూలుతూ వచ్చినాడు. నేను ఎదురువెళ్ళి గేటుకు గడియ పెట్టాను. ప్రార్థన ముగిసేవరకు ఆయన ఎండలో గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రావడానికి ప్రయత్నించలేదు. వదిన భోజనం చేయకుండా బయటికి పోయి, ఆయన్ను బస్సెక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు పేజీలో నేను రాసుకున్నది ఒక్క వాక్యం: "గేటు మూయబడినది." అప్పటి నుంచి ఈ ఫోను వచ్చేదాకా ఆ మనిషి మా ఇంటి నుంచి ఏదీ కోరలేదు. మొదటిసారి కోరినదానికి లేదని చెప్పడం నా వల్ల కాలేదు.

కాబట్టి తీసుకువెళ్ళడమే, అయితే కాపలాతో తీసుకువెళ్ళాలని నిర్ణయించుకున్నాను. కాగితం మీద ఐదు గళ్ళు గీశాను. నీడ. మెట్లు, ఎందుకంటే వదినకు మోకాలి నొప్పి. మరుగుదొడ్డి. చూడదగిన కొండ. ఐదో గడిలో: "తాగకుండా బయటికి రావచ్చునా?"

మా వైపు చెరకు ఉంది, వరి ఉంది, మల్లె ఉంది, వైనరీ లేదు. బెంగళూరు దగ్గర నందికొండల వైపు మూడు చోట్ల వివరాలు ఫోనులో దొరికాయి. ఆ ఫోటోలు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ప్రతి ఫోటోలోనూ పొద్దు గుంకుతూ ఉంటుంది. ప్రతి ఫోటోలోనూ వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి మనకు వీపు చూపించి నిలబడి ఉంటుంది. ఎన్ని మెట్లున్నాయో, కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ ఉందో లేదో ఒక్కరూ చెప్పరు. చూడడానికి రమ్మని పిలిచేవారికి, చూడవచ్చేవాళ్ళలో ముసలివాళ్ళు కూడా ఉంటారనే జ్ఞానం ఉండవద్దా?

మొదటి చోటికి ఫోను చేశాను. "బ్యాచిలర్ పార్టీయా సార్?" అన్నాడు అవతలివాడు.

"నాకు డెబ్బై ఒకటి."

"కంగ్రాట్స్ సార్," అన్నాడు. పెట్టేశాను.

రెండో చోట ఒకాయన మర్యాదగానే మాట్లాడినాడు. రుచి చూడకుండా తోట మాత్రం చూసి రావచ్చునా అంటే, "తాగకపోతే ఎందుకు సార్ అంత దూరం రావడం? ద్రాక్ష మార్కెట్టులోనే దొరుకుతుంది కదా" అన్నాడు. ఆ మాట న్యాయమే. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

మూడో చోట ఫోను ఎత్తినావిడ నా ఐదు ప్రశ్నలూ విన్నది. వరండా నుంచి కొండ కనిపిస్తుంది; మెట్లు ఆరే; రుచి వద్దన్నవారికి ద్రాక్షపండ్ల రసం ఇస్తాము, ముందే చెప్పండి చాలు అన్నది. ముందే చెప్పాను. చెప్పిన తేదీ, సమయం రాసుకున్నాను. నలుగురికీ పండ్ల రసమే అని రెండుసార్లు చెప్పాను. ఆ చోటు ఖాయం చేశాను.

బుధవారం లోకల్ రైలెక్కి తిరుత్తణి పోయి, పళ్ళిపట్టు బస్సు వచ్చేచోట నిలబడ్డాను. వదిన ముందు దిగింది. వెనక ఆయన. తెల్ల చొక్కా, నెరిసిన తల, మునుపటికంటే నిండుగా ఉన్న ముఖం. భుజానికి ఒక నల్ల రెక్సిను సంచి. దాన్ని అందుకోబోతే ఆయన గబుక్కున రెండో భుజానికి మార్చుకున్నాడు.

"నేనే మోస్తాలే తమ్ముడా."

జిప్పు పూర్తిగా మూసుకోలేదు. తువ్వాలు చుట్టిన ఒక సీసా మెడ బయటికి కనిపించింది.

రైలులో మా వదిన గలగలా మాట్లాడుతూనే ఉంది. చెరకు కోతకు మనుషులు దొరకని సంగతి, వాళ్ళ సంఘంలో కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారి సంగతి. ఆయన సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక సంచి మంచం తలవైపు పెట్టుకున్నాడు. నేను నోటుబుక్కులో రాశాను: "సంచిలో సీసా. ఖాళీయో నిండినదో తెలియదు."

నా భార్య నా భుజం మీదుగా చదివింది. "అడగరాదా?"

"నువ్వు అడుగు. నీ బావ."

"నీ అన్న," అన్నది. ఇద్దరమూ అడగలేదు.

గురువారం తెల్లవారి ఐదింటికి బాడుగ కారులో బయలుదేరాం. తిరుత్తణి దాటి, చిత్తూరు దాటి, పలమనేరు దగ్గర ఇడ్లీలు తిని, పది దాటాక చేరుకున్నాం. దారంతా నేను వెనక్కి తిరగకుండానే వెనక సీటును గమనిస్తూ వచ్చాను. సంచి ఆయన ఒళ్ళోంచి కదలలేదు.

చోటు బాగుందని ఒప్పుకోవాలి. ఫోటోలు అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పాయి, అంతే. ఎర్రమట్టి వాలులో తీగలు బడి పిల్లల్లాగా వరుసలు కట్టి నిలబడ్డాయి. వాటి వెనక ఒకటే పెద్ద బండ వంటి కొండ, నడుముకు మబ్బు చుట్టుకుని ఉంది. మెట్లు మాత్రం ఆరు కాదు, తొమ్మిది. రాసుకున్నాను.

చూపించడానికి వచ్చినమ్మాయిది కోలారు వైపు. మాతో తెలుగులోనే మాట్లాడింది. తోట చూపించి, పండు తొక్కే యంత్రం చూపించి, ఒక పెద్ద రేకుల గదిలోకి తీసుకువెళ్ళింది. లోపల స్టీలు ట్యాంకులు. తలుపు తీయగానే వాసన కొట్టింది: పులుపు, తీపి, తడిసిన గోనె అన్నీ కలిసిన వాసన. నాకే ముక్కులో గుచ్చుకుంది.

ఆయన గడప దగ్గర ఆగిపోయినాడు. ఒక చెయ్యి తలుపు చట్రం మీద ఉంది. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ రోజు మా గేటు కమ్మీని పట్టుకున్నది కూడా అట్లాగే. వదిన మాటలు ఆపేసి ఆయన మోచెయ్యి పట్టుకుంది. నేను ఆయనకూ ట్యాంకులకూ నడుమ పోయి నిలబడ్డాను. నిలబడి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు.

"పోదాం అన్నా. చూసింది చాలు."

"ఉండు తమ్ముడా. దీనికోసమే కదా వచ్చింది." ఆయన లోపలికి వచ్చి ఆ అమ్మాయిని అడిగినాడు: "అమ్మా, ఇది ఇట్లా పులిసిపోకుండా ఆపేది ఎట్లా?"

ఆమెకు అర్థం కాలేదు. "ఆపడమా సార్? ఎందుకు ఆపాల?"

"పులియకూడదు. రసం రసంగానే ఉండాల. మీరు ఇంత పెద్దగా చేస్తారు కదా, మీకు తెలిసుంటుంది."

ఆ అమ్మాయి నవ్వింది. ఎగతాళి కాదు, చిన్నపిల్లవాడు అడిగినదానికి నవ్వినట్టు. "తాతా, పులియకుండా ఆపాలంటే ఇక్కడికెందుకు వచ్చినారు? పులియబెట్టేదే కదా మా పని!"

ఆయన కాసేపు ట్యాంకుల వైపు చూసినాడు. తర్వాత సంచి దించి, జిప్పు తీసి, తువ్వాలు విప్పి సీసా బయటపెట్టినాడు. ఖాళీ సీసా. పాత షర్బత్తు సీసా అది, పైన కార్కు బిరడా. దాని ఒంటికి అతికించిన కాగితం మీద ఇంకుతో ఒకే మాట ఉంది: "సంస్కారము."

నెలకొకసారి ప్రభురాత్రి భోజన సంస్కారానికి ఆలయంలో బల్ల మీద పెట్టే ద్రాక్షారసపు సీసా అది.

వరండాలోకి వచ్చి కూర్చున్నాం. కొండకు ఎదురుగా వేసిన బల్ల. మేము కూర్చున్నామో లేదో ఒకతను వచ్చి నాలుగు గాజు గ్లాసులు వరుసగా పెట్టి, ఒక్కొక్కదానిలో రెండు వేళ్ళ ఎత్తు ఎర్రటి వైను పోసి వెళ్ళినాడు. నేను లేచాను. నోటుబుక్కు తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టాను.

"ఇదిగో, నేను ఫోను చేసిన తేదీ. ఇదిగో సమయం. నలుగురికీ పండ్ల రసమని రెండుసార్లు చెప్పి రాసుకున్నాను. ఇదేమిటి?"

"జ్యూసు ఈరోజు స్టాకు లేదు సార్. అందుకని..."

"స్టాకు లేకపోతే లేదని చెప్పాలి. స్టోర్సు నడిపినవాణ్ణి నేను. ఇనుము లేదని బంగారం ఇచ్చినా తప్పు తప్పే! అడగని వస్తువు..."

"తమ్ముడా, కూర్చో," అన్నాడు ఆయన. చేత్తో నాలుగు గ్లాసులనూ ఒక్కొక్కటిగా బల్ల చివరికి జరిపినాడు. జాగా అయినచోట ఆ ఖాళీ సీసాను నిలబెట్టినాడు. మా వెంట వచ్చిన అమ్మాయి గ్లాసులను చప్పుడు చేయకుండా తీసుకుపోయి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

అప్పుడు చెప్పినాడు. వాళ్ళ ఆలయంలో ద్రాక్షారసం కాచే ముసలమ్మ కూతురి ఊరికి వెళ్ళిపోయింది. కొత్త అయ్యగారు ఆయన్ను పిలిచి, ఇకనుంచి ఇది నీ పని అని సీసా చేతికిచ్చినాడు. "నాకు! తమ్ముడా, నాకు ఇచ్చినాడు. నేను ఎట్లాంటివాణ్ణో ఆయనకు తెలీక కాదు. తెలిసే ఇచ్చినాడు." ఎండుద్రాక్ష కాచి పిండి, గురువారమే సీసాలో పోసి, గాలి పోకుండా బిరడా బిగించి పెట్టినాడు. ఆదివారం ఆలయంలో బిరడా తీయబోతే అదే టప్పున ఎగిరి గోడకు కొట్టుకుంది.

"ఎవరూ పట్టించుకోలేదు. నేను వాసన చూసినాను. ఆ వాసన నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాని అప్పటికే పాట మొదలుపెట్టేసినారు. అందరికీ పంచినారు. పెద్దవాళ్ళకు, ఆడబిడ్డలకు. నా వంతు వచ్చేసరికి చిన్న గిన్నె పెదవి దాకా తెచ్చి అట్లనే కింద పెట్టేసినాను. అయ్యగారికి చెప్పలేదు. ఏమని చెప్పేది? తాగుబోతు చేతికిస్తే తాగుడే చేసినాడంటారు." నీళ్ళ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. "వచ్చే ఆదివారం మళ్ళీ సంస్కారం. సరిగ్గా చేసేవాళ్ళు యాడున్నా పోయి నేర్చుకోవాల, లేకపోతే సీసా ఆయన చేతిలో పెట్టేయాల. పెట్టేస్తే మళ్ళీ ఎవరూ నాకు ఏదీ ఇవ్వరు."

వదిన కళ్ళు తుడుచుకుంటూ, "నాకేం తెలుసు, తావు చూడాలన్నాడు, నేను మరిదికి చెప్పినా. నేను తెలుగులోనే కదా చెప్పినా!" అన్నది.

తెలుగులోనే చెప్పింది. ఆ మాట ఆమె నోట ఆలయపు సీసా. నా చెవిలో వైను గ్లాసు. ఆరేళ్ళ కిందటే మానేసిన మనిషి మాటను నేను ఎటు తిప్పుకున్నానో చూడండి.

నా భార్య సీసాను చేతిలోకి తీసుకుంది. బిరడా పీకి వాసన చూసింది. మూతిలో చూపుడువేలు పెట్టి తిప్పింది.

"బావా, దీన్ని ఉడికించినావా?"

"కడిగినాను. మూడుసార్లు."

"కడిగితే చాలదు, ఉడికించాల. వడగట్టిన గుడ్డను?"

"అదీ కడిగినా."

"ఈ బిరడా పాతది. పులుపంతా దీంట్లోనే కూర్చోనుండాది. దీన్ని పారెయ్యి. గురువారం కాస్తే ఆదివారానికి యాడ నిలుస్తుంది? పళ్ళిపట్టు ఎండకు! శనివారం పొద్దున నానెయ్యాల, సాయంత్రం కాయాల, పిండి వడగట్టి మళ్ళీ ఒక పొంగు రానీయాల, చల్లారినాక ఫ్రిజ్జులో పెట్టాల. ఆదివారం పొద్దున తియ్యాల. అంతే."

ఆయన నోరు తెరిచి చూసినాడు. "నీకెట్లా తెలుసు?"

"ఇరవై రెండేండ్లుగా మా ఆలయానికి కాచేది ఎవరనుకున్నావు?" అన్నది. కొండ వైపు చెయ్యి చూపించి, "ఈ కొండ మీద తెలుసుకున్నాననుకున్నావా?"

వదిన ఆ మాటకు ఏడుపులోనే పకపకా నవ్వింది. "ఓయమ్మో, నీ ఇంట్లోనే పెట్టుకుని మూడు వందల కిలోమీటర్లు తిప్పినావు కదా మరిదీ!"

నేను నవ్వలేకపోయాను. నాకు ఆ క్షణంలో మధ్య వరుస పుస్తకాలు కళ్ళముందు కనబడ్డాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం పేజీలో నా అక్షరాలతో ఒకే వాక్యం: "ద్రాక్షారసము సిద్ధపరచబడినది." ఎవరిచేత? ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. దానికి ముందటి శనివారం సాయంత్రం మా ఇంట్లో ఎండుద్రాక్ష ఉడికే వాసన వస్తుంది. ఆ వాసనలోనే కూర్చుని నేను మినిట్సు సాపు రాసేవాణ్ణి. పాట పాడినవారి పేరు రాశాను. కుర్చీలు సర్దినవారి పేర్లు రాశాను. ఇది మాత్రం సిద్ధపరచబడినది, వాన పడినట్టుగా. నన్ను ఎవరైనా ద్రాక్షారసం చేసే తావు ఏదని అడిగితే, నా ఇరవై రెండు పుస్తకాలు వెతికినా జవాబు దొరకకుండా నేనే రాసి పెట్టాను. గేటు విషయంలో చేసినదీ ఇదే. గేటు మూయబడినది. దానంతట అదే మూసుకున్నట్టు.

తిరుగు ప్రయాణంలో కారు చిత్తూరు దాటేదాకా ఆగాను. చివరకు ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "అన్నా, ఆ రోజు గేటు మూసింది నేను," అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూసినాడు. "తెలుసు కదప్పా. నేను బయటే ఉండినా కదా."

"చెప్పాలనిపించింది."

"సరి," అన్నాడు. ఒళ్ళోని సంచి సర్దుకుని, "నువ్వు మూయకపోతే నేను ఆ రోజు మీ అత్త ఫోటో మీద పడేవాణ్ణి," అన్నాడు. వదిన, "పడేవాడే," అని సాక్ష్యం చెప్పింది.

శుక్రవారం మా వంటింట్లో పాఠం జరిగింది. నేను కాగితం, పెన్ను తీసుకుని గడపలో కూర్చున్నాను. కొలతలు సరిగ్గా రాసి ఇవ్వాలని నా పట్టు. నా భార్య చేతిలో కొలతలు లేవు.

"ఎన్ని గ్రాములు?"

"రెండు పిడికిళ్ళు."

"ఎవరి పిడికిలి? నీదా, ఆయనదా?"

"అయ్యా, సుమ్మా ఇరు," అన్నది తమిళంలో. మా ఇంట్లో నోరు మూసుకోమని చెప్పడానికి వాడే భాష అదే. ఆయన పిడికిలి పట్టి చూపించినాడు. ఆమె తన పిడికిలి పక్కన పెట్టింది. "నీది ఒకటిన్నర వేసుకో బావా." నేను అట్లాగే రాశాను: "తోడల్లుడి పిడికిలితో ఒకటిన్నర." స్టోర్సు పుస్తకంలో అట్లాంటి కొలత రాసి ఉంటే నన్ను పనిలోంచి తీసేవాళ్ళు.

ఆయన సీసాను, గుడ్డను తానే ఉడికించినాడు. పొంగు వచ్చినప్పుడు పొయ్యి ముందు నుంచి కదలలేదు. వడగట్టిన రసాన్ని ముందుగా వాసన చూసినాడు. తర్వాత నా భార్య చేతికిచ్చి, "నువ్వు చూడు," అన్నాడు. ఆమె ఒక చెంచా తాగి, "తీపి," అన్నది. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

శనివారం పొద్దున మొదటి లోకల్‌కు ఇద్దరినీ తిరుత్తణికి తీసుకుపోయి పళ్ళిపట్టు బస్సెక్కించాను. ఈసారి సంచి నాకే ఇచ్చినాడు మోయమని. అందులో ఉడికించిన సీసా, కొత్త మూత, మూడు సార్లకు సరిపడే నల్ల ఎండుద్రాక్ష, నా కాగితం ఉన్నాయి. సీసా మీది "సంస్కారము" అనే కాగితం ఉడుకులో ఊడిపోయింది. నా భార్య చెప్తే నేనే కొత్తది రాసి అతికించాను.

ఆదివారం మా ఆలయంలో కూడా సంస్కారమే. ఆరాధన అయ్యాక మినిట్సు పుస్తకం తెరిచి, రాయవలసినవన్నీ రాసి, ఆ వాక్యం దగ్గరికి వచ్చాను. "ద్రాక్షారసము" అని రాసి, నా భార్య పేరు రాసి, "సిద్ధపరచినది" అని ముగించాను. సంతకం కోసం చూసిన అయ్యగారు, "ఇది కొత్తగా ఉందే," అన్నారు. "కొత్త కాదు, ఆలస్యం," అన్నాను. పాత పుటలను ముట్టలేదు. ఆమోదం పొందిన మినిట్సును దిద్దే అధికారం ఎవరికీ లేదు. అవి నా మీద సాక్ష్యంగా అట్లాగే ఉంటాయి.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఫోను చేతిలోనే పెట్టుకున్నాను. పళ్ళిపట్టులో ఆరాధన పదకొండుకు ముగుస్తుంది. పన్నెండైంది. అన్నం వడ్డించి నా భార్య కూడా తినకుండా కూర్చుంది. పన్నెండున్నరకు ఫోను మోగింది.

"తమ్ముడా."

"చెప్పన్నా."

"ఆరాధనకు ముందే అయ్యగారికి అంతా చెప్పేసినాను. పోయిన నెల సంగతి. ఆయన, సరే ఇప్పుడు తెరువు చూద్దాం అన్నాడు. పక్కనే నిలబడినాడు. మూత తీసినాను." ఆయన ఊపిరి వినిపించింది. "సద్దు రాలేదు."

నా భార్య చెవి ఫోనుకు ఆనించింది. ఆ పది రోజులూ నేను అడగలేకపోయిన ప్రశ్న లాంటిదే ఒకటి నోటికొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

"నువ్వు పుచ్చుకున్నావా అన్నా?"

"పుచ్చుకున్నాను," అన్నాడు. "తీపిగా ఉండింది."